కండరాలకు కబురందేదెలా?

మెదడు చెయ్యెత్తమంటుంది. చెయ్యి లేవదు. మొదట చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమవుతుంది. తర్వాత మాట తడబడుతుంది. చివరికి మింగడం, ఊపిరి పీల్చడం కూడా భారమే. చాలామందిలో ఆలోచన మాత్రం చురుగ్గానే ఉంటుంది. అదే మోటార్ న్యూరాన్ వ్యాధి. ఇందులో ఎక్కువగా కనిపించే రకాన్ని ఏఎల్ఎస్ అంటారు.

ఫ్రెంచి వైద్యుడు షార్కో 1869లోనే దీని గురించి వివరించాడు. తొలి మందు రిలుజోల్‌కి అమెరికాలో అనుమతి వచ్చింది మాత్రం 1995లో! అదీ ఆయుష్షును సగటున రెండుమూడు నెలలు పొడిగిస్తుందంతే. లక్షణాలు మొదలైన రెండు నుంచి ఐదేళ్లలోపే ఎక్కువమంది కన్నుమూస్తారు. ఇరవయ్యొకటో ఏట జబ్బు బయటపడినా 76 ఏళ్లు జీవించిన స్టీఫెన్ హాకింగ్‌ది అరుదైన ఉదాహరణ.

దొరికిన దొంగ

మెదడు ఆదేశాలను కండరాలకు చేరవేసే నరాల కణాలు ఎందుకు చనిపోతాయి? 1993లో ఒక ఆధారం దొరికింది. ఎస్ఓడీ1 జన్యువులో లోపముంటే అది తయారుచేసే ప్రొటీన్ ఆ కణాలకు విషమవుతుంది. మరి ఆ ప్రొటీన్ తయారీనే అడ్డుకుంటే? ఆ ఆలోచన నుంచి పుట్టిందే టోఫర్సెన్. నడుము దగ్గర సూదితో వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి ఈ మందును ఎక్కిస్తారు.

108 మంది మీద జరిపిన పరీక్షలో 28 వారాలకు ఆశించినంత తేడా కనిపించలేదు. కానీ నరాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలో పెరిగే న్యూరోఫిలమెంట్ బాగా తగ్గింది. ఆ ఆధారంతోనే 2023 ఏప్రిల్‌లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది. చిక్కల్లా ఒకటే... ఈ లోపమున్నవారు రోగుల్లో నూటికి ఇద్దరే!

మిగిలినవారి సంగతి?

2006లో శాస్త్రవేత్తలు టీడీపీ-43 అనే ప్రొటీన్‌ను పట్టుకున్నారు. కణకేంద్రకంలో ఉండాల్సిన ఇది బయటికొచ్చి ఉండలు కడుతుంది. దాదాపు 97 శాతం రోగుల్లో ఇదే తీరు. కేంద్రకంలో అది లేకపోతే నరాలకు అవసరమైన ఇతర ప్రొటీన్ల తయారీలో తప్పులు దొర్లుతాయి. వాటిలో స్టాత్‌మిన్-2 ఒకటి. దాన్ని సరిచేసే ప్రయత్నం మనుషుల మీద పరీక్షల దాకా వచ్చింది.

ఎదురుదెబ్బలూ ఉన్నాయి. 2022లో అమెరికాలో అనుమతి పొందిన రెలివ్రియో, పెద్ద పరీక్షలో విఫలమవడంతో 2024లో మార్కెట్ నుంచి తప్పుకుంది.

దక్షిణాదిలో ప్రత్యేకం

మన ప్రాంతానికీ ఈ పరిశోధనలో చోటుంది. చిన్నవయసులోనే మొదలై, వినికిడినీ దెబ్బతీస్తూ నెమ్మదిగా ముదిరే ఒక రకాన్ని 1970లో మద్రాసు వైద్యులు గుర్తించారు. ఎక్కువగా దక్షిణ భారతంలోనే కనిపించే దాని పేరే మద్రాస్ మోటార్ న్యూరాన్ వ్యాధి.

మాటొచ్చింది!

మందుల సంగతి అలా ఉంచితే, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాస్త్రవేత్తలు మరో దారి పట్టారు. మాట పోయిన ఒక ఏఎల్ఎస్ రోగి మెదడులో 256 ఎలక్ట్రోడ్లు అమర్చారు. ఆయన పలకాలని ప్రయత్నించిన మాటల్ని కంప్యూటర్ 97 శాతం దాకా సరిగ్గా పట్టుకుంది. జబ్బుకు ముందున్న ఆయన గొంతును పోలిన స్వరంతోనే పైకి వినిపించింది. ఆ ఫలితాలు 2024లో వెలువడ్డాయి.

జబ్బును నయం చేసే మందు ఇంకా రావాలి. పోయిన మాట మాత్రం ఒకరికి తిరిగొచ్చింది!