నలుగురూ కూడి చదివే నవల

పిల్లలూ! సెలవుల్లో ఒక మంచి నవల దొరికిందనుకోండి. పుస్తకం ఒక్కటే, చదవాలని ఆశపడేవాళ్ళు ఐదుగురు. పోట్లాడుకోనక్కరలేదు. ఒకరు పైకి చదవండి, తక్కినవాళ్ళు వినండి. రోజుకు కొన్ని పేజీలు చదివి, తరవాత అరగంట మాట్లాడుకోండి. ఇదే పఠన మండలి. దీనికి మేడలూ కుర్చీలూ అక్కరలేదు. అమలాపురంలో ఇంటి అరుగైనా సరే, రాజోలులో కొబ్బరిచెట్ల నీడయినా సరే, కొత్తపేటలో గ్రంథాలయం బల్లయినా సరే.

మరి ఏ నవల చదవాలి? పుస్తకం మూశాక కూడా మనని ఏదో ఒకటి అడిగే నవల చదవాలి. అటువంటివి మూడు చెబుతాను.

మొదటిది మీకు చాలా దగ్గరిది. సఖినేటిపల్లికి ఎదురుగా, వశిష్ఠకు అవతలి ఒడ్డున నరసాపురం ఉన్నది కదా? ఆ పక్కనే ఉన్న మొగల్తూరు కుర్రవాడే బారిష్టరు పార్వతీశం. మొక్కపాటి నరసింహశాస్త్రిగారు 1924లో ఈ నవల మొదటి భాగం ప్రకటించారు. పార్వతీశం పడవలో నిడదవోలు చేరి, అక్కడ రైలెక్కి చెన్నపట్నం వెళ్ళి, ఆపైన ఓడమీద ఇంగ్లండు ప్రయాణమవుతాడు. దొరల పద్ధతులు తెలియక అతడు పడే పాట్లు చదువుతూంటే నవ్వు ఆగదు. బాగా నవ్వండి! నవ్వడం అయినాక ఒక్క మాట ఆలోచించండి. లంక గ్రామంనుంచి మీ తరగతిలో కొత్తగా చేరిన పిల్లవాడి మాట విని, చొక్కా చూసి, ఎవరైనా ఇలాగే నవ్వారా? ఆ నవ్వూ ఈ నవ్వూ ఒకటేనా?

రెండవది అమెరికా నవల, హకల్‌బెరీ ఫిన్. మార్క్ ట్వేన్ రాశాడు. నండూరి రామమోహనరావుగారు దీన్ని తెనిగించారు. మనకు గోదావరి ఎలాగో అక్కడివారికి మిసిసిపీ అలాగ. ఇంటినుంచి పారిపోయిన హక్, యజమానురాలి దగ్గరనుంచి పారిపోయిన జిమ్ అనే నీగ్రో బానిస, ఒకే తెప్పమీద ఆ నదిలో సాగిపోతారు. అమెరికాలో బానిసత్వం 1865లో రద్దయింది. ఈ కథ అంతకు ముందు కాలానిది. బానిసను దాచడం నేరమనీ, పాపమనీ హక్‌కు పెద్దలంతా నేర్పారు. అందుకని జిమ్ ఎక్కడున్నాడో తెలియజేస్తూ యజమానురాలికి ఉత్తరం రాస్తాడు. కాని తెప్పమీద జిమ్ తనకు చేసిన మేళ్ళన్నీ గుర్తుకు వచ్చి, ఆ ఉత్తరాన్ని చింపేస్తాడు. తనకు నరకమే గతి అనుకుని మరీ చింపేస్తాడు! పెద్దలు చెప్పినదీ, మనసు చెప్పినదీ వేరయితే ఏం చేయాలి? దీనిమీద మీ మండలిలో వాదన జరగవలసిందే.

మూడవది కేశవరెడ్డిగారి "అతడు అడవిని జయించాడు". ఇది హైస్కూలు పిల్లలకు. పందులు మేపుకునే ఒక ముసలివాడు, తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ అడవిలోకి పోతాడు. కథానాయకుడికి పేరైనా లేదు. అయినా పుస్తకం ముగిసేసరికి అతడు మన తాతలా అనిపిస్తాడు. చివరి పేజీ చదివాక, నిజంగా అతడు జయించాడా, లేదా అని చర్చించండి. ఒక్కొక్కరూ ఒక్కో జవాబు చెబుతారు.

మండలికి మూడు నియమాలు చాలు. అందరికన్న చిన్నవాడు ముందు మాట్లాడాలి. ఏ మాటన్నా దానికి ఆధారం పుస్తకంలో చూపించాలి. అందరూ ఒకే మాట అనాలని పట్టుబట్టరాదు.

అమ్మానాన్నలు కూడా వచ్చి కూర్చోవచ్చు. కాని తీర్పు చెప్పకుండా, తమ చిన్ననాటి సంగతులు చెబితే బాగుంటుంది.

ఒంటరిగా చదివినవాడికి పుస్తకం ఒకసారి చదివినట్టు. ఐదుగురు కూడి చదివితే ఐదుసార్లు చదివినట్టు. ఇంక ఆలస్యం దేనికి? ఈ ఆదివారమే మొదలుపెట్టండి!