ఏటి ఇసుక - ఇంటి ఆరోగ్యం

పేషెంటుకు తోడుగా వచ్చినవారిని నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "మీ ఇంట్లో తాగే నీళ్ళు ఎక్కడివి?" అని. ఏటి ఒడ్డు ఊళ్ళవారు చాలామంది ఒకే జవాబు చెబుతారు. "ఒకప్పుడు ఏట్లో చెలమ తీసి తెచ్చుకునేవాళ్ళం సిస్టరమ్మా. తర్వాత ఒడ్డున బావి నీళ్ళు తాగాం. ఇప్పుడు ఆ బావి ఎండిపోయింది. బోరు నీళ్ళే గతి." ఎందుకు ఎండిపోయిందంటే వానలు లేవంటారు. అది కొంతవరకు నిజమే. కానీ వానలు బాగా పడిన ఏడాది కూడా బావి నిండకపోతే ఇంకో కారణం వెతకాలి. ఆ కారణం చాలాచోట్ల ఏట్లోంచి లారీల మీద వెళ్ళిపోయిన ఇసుక.

ఇసుకకూ జబ్బులకూ సంబంధం ఏమిటని మీరు అడగవచ్చు. ఆ సంబంధం ఏమిటో, మీ ఇంట్లోవారిని ఎలా కాపాడుకోవాలో తెలుసుకుందాం.

ఇసుక చేసే మేలు ఏమిటి?

ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. గ్లాసు నిండా పొడి ఇసుక పోయండి. దానిమీద నెమ్మదిగా నీళ్ళు పోయండి. గ్లాసు నిండుగా ఉన్నా, దాదాపు మూడో వంతు గ్లాసు నీళ్ళు ఇసుకలోకి ఇంకుతాయి. ఇసుక రేణువుల మధ్య ఉన్న సందుల్లోకి ఆ నీళ్ళు చేరతాయి. ఆ లెక్కన మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు ఉన్న ఇసుకలో సుమారు 300 లీటర్ల నీళ్ళు పడతాయి. 15 లీటర్ల బిందెతో కొలిస్తే 20 బిందెలు. మైళ్ళ పొడవున ఇసుక పరుచుకున్న ఏట్లో ఎన్ని బిందెల నీళ్ళు ఉంటాయో మీరే ఊహించుకోండి.

ఎండాకాలంలో ఏరు పైకి ఎండినట్టు కనిపించినా, అడుగున ఇసుకలో నీరు ఉంటుంది. ఎండ నేరుగా తగలదు కాబట్టి త్వరగా ఆవిరి కాదు. అది నెమ్మదిగా ఒడ్డున ఉన్న బావుల్లోకి ఊరుతుంది. మన పెద్దలు చెలమలు తీసింది ఈ నీటి కోసమే. రాయలసీమలో పెన్నా, చిత్రావతి ఒడ్డున ఊట కాలువలు తవ్వి పొలాలు పండించుకున్నది ఈ నీటితోనే. ఈ రోజుకీ ఎన్నో ఊళ్ళ మంచినీటి పథకాలకు నదిలో తవ్విన ఊటబావులే ఆధారం.

ఇసుక చేసే రెండో మేలు వడపోత. బురదనీరు ఇసుక పొరల గుండా దిగేటప్పుడు మట్టి, చెత్త, చాలావరకు క్రిములు పైనే ఆగిపోతాయి. పట్టణాల్లో నీళ్ళు శుభ్రం చేసే చోట కూడా ఇసుక ఫిల్టర్లు వాడతారు. అంటే మన ఊరి ఏట్లో ఉన్న ఇసుక మనకు ట్యాంకు, ఫిల్టరు రెండూను.

తవ్వితే నష్టమేమిటి? మళ్ళీ వరద వస్తుంది కదా!

ఈ మాట చాలామంది అంటారు. వరద కొత్త ఇసుక తెచ్చే మాట నిజం. కానీ అది తెచ్చేది కొద్దికొద్దిగా. కృష్ణ వంటి నదుల మీద పెద్ద పెద్ద ఆనకట్టలు కట్టాక, పైనుంచి వచ్చే ఇసుకలో చాలా భాగం జలాశయాల్లోనే ఆగిపోతోంది. మరోవైపు అవసరం పెరిగిపోయింది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 5000 కోట్ల టన్నుల ఇసుక, కంకర వాడుతున్నారు. మనిషికి రోజుకు 17, 18 కిలోలు అన్నమాట.

గడ్డపార, తట్టతో తీసిన రోజుల్లో ఏరు ఆ లోటు పూడ్చుకునేది. పొక్లెయినుతో పగలూ రాత్రీ తీస్తే పూడ్చుకోలేదు. ఏటి అడుగు కిందికి దిగిపోతుంది. అప్పుడు బావికి ఏమవుతుందో చూడండి. ఇంతకుముందు ఏరు బావికి నీళ్ళిచ్చేది. అడుగు దిగిపోయాక బావి ఊటే ఏట్లోకి జారిపోతుంది.

వంతెనల స్తంభాలకు కూడా ఇసుకే పట్టు. పోర్చుగల్ దేశంలో డౌరో నది మీద వంతెన 2001 మార్చిలో కూలి 59 మంది చనిపోయారు. ఏళ్ళ తరబడి ఇసుక తోడడం వల్ల స్తంభం కింద పట్టు పోయిందని విచారణలో తేలింది.

నీరు మారితే వచ్చే జబ్బులు

1. ఫ్లోరోసిస్: పైనున్న ఊట ఎండితే లోతు బోరు వేస్తాం. రాతి పొరల్లోని నీటిలో కొన్నిచోట్ల ఫ్లోరైడు ఎక్కువగా ఉంటుంది. మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించింది మన ప్రాంతంలోనే. 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో బయటపడింది. లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీరు దొరకని చోట కూడా 1.5 దాటకూడదు. అంతకు మించిన నీరు ఏళ్ళ తరబడి తాగితే పిల్లల పళ్ళ మీద తెల్లని, గోధుమరంగు మచ్చలు వస్తాయి. పెద్దవారిలో నడుము, మెడ, కీళ్ళు బిగుసుకుపోతాయి. ఇలా పాడైన ఎముకలను మందులతో తిరిగి మామూలుగా చేయలేము. నీరు మార్చడమే మార్గం. ఒక మాట బాగా గుర్తుంచుకోండి. కాచితే క్రిములు చస్తాయి కానీ ఫ్లోరైడు పోదు. నీళ్ళు మరిగి తగ్గినకొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది.

2. ఉప్పునీరు: సముద్రానికి దగ్గరి ఊళ్ళలో ఏటి అడుగు దిగితే పోటు నీరు పైదాకా ఎక్కి వస్తుంది. బావులు ఉప్పబారతాయి. బీపీ, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఈ నీళ్ళు మంచివి కావు. కూరలో ఉప్పు తగ్గించమని మేము చెబుతాం. తాగే నీళ్ళలోనే ఉప్పు ఉంటే ఆ పథ్యం ఏం పనిచేస్తుంది?

3. విరేచనాలు, చర్మ జబ్బులు: నీటి ఎద్దడి వస్తే ఇంట్లో ముందు తగ్గేది చేతులు కడుక్కోవడం, స్నానం. దానివెంటే విరేచనాలు, గజ్జి వస్తాయి.

4. మలేరియా: వరద తీశాక ఇసుక గుంటల్లో నీళ్ళు నిలుస్తాయి. అక్కడ దోమలు గుడ్లు పెడతాయి.

మోకాలి లోతు నీళ్ళు - మనిషి లోతు గుంట

కొన్నేళ్ళ క్రితం ఒక వేసవి సాయంత్రం మా క్యాజువాలిటీకి ఇద్దరు అన్నదమ్ములను ఆటోలో తెచ్చారు. పెద్దవాడికి 12 ఏళ్ళు, చిన్నవాడికి 9. స్నానానికి ఏట్లో దిగారు. చిన్నవాడు ఇసుక తీసిన గుంటలో జారాడు. తమ్ముణ్ణి పట్టుకోవాలని అన్న కూడా దిగాడు. గట్టున ఉన్నవారు ఇద్దరినీ బయటికి లాగారు. చేపలు పట్టే ఒకాయన చిన్నవాడి నోట్లో నోరు పెట్టి వెంటనే ఊపిరి ఊదాడు. ఆ బిడ్డ బతికాడు. పెద్దవాణ్ణి మాత్రం నీళ్ళు కక్కించాలని భుజాన తలకిందులుగా వేసుకుని పరుగెత్తారు. మా దగ్గరికి వచ్చేసరికే ఆ పిల్లవాడు లేడు. వాళ్ళ అమ్మ నా చేయి పట్టుకుని, "ఆ రేవులోనే నేనూ ఈత నేర్చుకున్నానమ్మా, మోకాలి లోతే కదా" అని మళ్ళీ మళ్ళీ అంది.

ఆమె చెప్పింది అబద్ధం కాదు. ఆమె చిన్నతనంలో అక్కడ మోకాలి లోతే ఉండేది. అందుకే మీకు చెబుతున్నాను. మీకు తెలిసిన రేవే అయినా, ఇసుక తీసిన తర్వాత దాని అడుగు మీకు తెలియదు. గుంట అంచు మెత్తగా ఉంటుంది. కాలు పెట్టగానే ఇసుక జారి మనిషిని లోపలికి లాగుతుంది. ఈత వచ్చినవారికి కూడా ప్రమాదమే.

ఎవరైనా మునిగితే ఇలా చేయండి:

- మీరు దూకవద్దు. తాడు, చీర, పొడవాటి కర్ర, మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ క్యాను అందించండి.
- బయటికి తీశాక వెల్లకిలా పడుకోబెట్టండి. పిలిచి చూడండి. ఊపిరి ఉందేమో చూడండి. ఒకరు 108కి ఫోను చేయాలి.
- ఊపిరి లేకపోతే తల కొద్దిగా వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోటితో 2 సార్లు ఊపిరి ఊదండి. ఛాతీ పైకి లేవాలి.
- తర్వాత ఛాతీ మధ్యలో రెండు చేతులతో గట్టిగా, వేగంగా 30 సార్లు నొక్కండి. చిన్నపిల్లలకు ఒక చేయి చాలు. మళ్ళీ 2 సార్లు ఊపిరి ఊదండి. సహాయం వచ్చేదాకా ఆపవద్దు.
- తలకిందులుగా వేలాడదీయడం, గిరగిర తిప్పడం, పొట్ట నొక్కడం చేయవద్దు. వాటివల్ల విలువైన నిమిషాలు పోతాయి.
- తేరుకుని మాట్లాడుతున్నా ఆస్పత్రికి తీసుకురండి. కొన్ని గంటల తర్వాత ఆయాసం రావచ్చు.

ఇసుకకు బదులు రోబో ఇసుక

ఇప్పుడు రాయిని పొడి చేసి తయారుచేసే రోబో ఇసుక వాడకం పెరిగింది. ఏటికి ఇది మేలే. కానీ క్రషరు దగ్గర పనిచేసేవారికి ఒక ప్రమాదం ఉంది. రాయి పగిలేటప్పుడు లేచే సన్నని ధూళి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ అనే జబ్బు తెస్తుంది. దాన్ని నయం చేసే మందు లేదు. ఈ జబ్బు ఉన్నవారికి టీబీ కూడా త్వరగా సోకుతుంది. మీ ఇంట్లో ఎవరైనా అక్కడ పనిచేస్తుంటే రాయిని నీళ్ళతో తడిపి పని చేయాలని, ధూళి కోసం చేసిన మాస్కు కట్టుకోవాలని చెప్పండి. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కళ్ళె పరీక్ష చేయించండి.

బంగారం కోసం ఏరు తవ్వితే?

కొన్ని నదుల ఇసుకలో బంగారు రేణువులు కూడా ఉంటాయి. జార్ఖండ్‌లో సువర్ణరేఖ నది ఒడ్డున పేద కుటుంబాలవారు చెక్క పళ్ళాలతో ఇసుక కడిగి రోజంతా వెతుక్కుంటారు. దక్షిణ అమెరికా, ఆఫ్రికా దేశాల్లో మాత్రం ఈ పని మోటార్లతో, పాదరసంతో సాగుతోంది. పాత జ్వరం థర్మామీటర్లలో వెండిలా మెరిసేదే ఈ పాదరసం. దాన్ని ఇసుకలో కలిపితే బంగారాన్ని పట్టుకుని ముద్ద అవుతుంది. ముద్దను కాల్చితే పాదరసం ఆవిరై పోయి బంగారం మిగులుతుంది. ఆ ఆవిరి పనివారి ఊపిరిలోకి పోతుంది. మిగిలింది నదిలోకి పోతుంది. నీటిలోని సూక్ష్మజీవులు దాన్ని ఇంకా విషపూరితంగా మారుస్తాయి. అది చేపల్లో చేరి, వాటిని తిన్న మనుషుల్లో చేరుతుంది. గర్భిణి తింటే కడుపులోని బిడ్డ మెదడు దెబ్బతింటుంది. పెరూ దేశంలోని మాద్రె దె దియోస్ ప్రాంతంలో ఈ కారణంగానే 2016లో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. పాదరసం వాడకం తగ్గించాలని కుదిరిన మినమాటా ఒప్పందం 2017 నుంచి అమలులో ఉంది. మన దేశం 2018లో అందులో చేరింది.

ఇసుకైనా, బంగారమైనా లాభం వెంటనే కనిపిస్తుంది. నష్టం ఆలస్యంగా వస్తుంది. అది వచ్చేది ఎక్కువగా ఆ లాభంలో వాటా లేనివారి ఇంటికే.

మనం ఏం చేయగలం?

ఇల్లు కట్టుకోవద్దని నేను చెప్పడం లేదు. ఇసుక పని మీద బతికే కూలీల పొట్ట కొట్టమనీ కాదు. ఏరు ఇవ్వగలిగినంతే తీసుకుందాం అంటున్నాను.

- తాగే నీటిని పరీక్ష చేయించండి. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలల్లో చేస్తారు. ఫ్లోరైడు, ఉప్పు ఎంత ఉందో తప్పక అడగండి.
- ఇసుక తీసిన రేవుల్లోకి పిల్లలను ఒంటరిగా పంపవద్దు. గుంటలున్న చోట కర్రలు పాతి ఎర్రగుడ్డ కట్టండి.
- వాల్టా చట్టం 2002 నుంచి ఉంది. తాగునీటి బావులకు, వంతెనలకు 500 మీటర్ల లోపు ఇసుక తవ్వకూడదని దాని నిబంధనలు చెబుతున్నాయి. అలా తవ్వుతుంటే పదిమంది కలిసి తహసీల్దారుకు, గనుల శాఖకు కాగితం మీద రాసి ఇవ్వండి. రసీదు తీసుకోండి. రాత్రివేళ ఒంటరిగా లారీలకు అడ్డం వెళ్ళవద్దు.
- ఏజెన్సీ గ్రామాలవారికి 1996 నాటి పీసా చట్టం ఉంది. ఇసుక వంటి చిన్న ఖనిజాలు తవ్వడానికి లీజు ఇవ్వాలంటే ముందు గ్రామసభ లేదా పంచాయతీ సిఫారసు కావాలి. గ్రామసభకు ఆడవాళ్ళు కూడా వెళ్ళండి. నీళ్ళు మోసేది మీరే కదా.

మీ పేషెంటుకు నయమై ఇంటికి వెళ్ళేటప్పుడు మందుల చీటీ జాగ్రత్తగా పట్టుకెళతారు. దానితోపాటు ఈ నాలుగు మాటలు కూడా పట్టుకెళ్ళండి. ముందుగా ఈ వేసవిలో పిల్లలు ఏటికి వెళ్ళకముందే మీరు వెళ్ళి మీ ఊరి రేవు ఇప్పుడెలా ఉందో గట్టు మీదనుంచి చూడండి. తర్వాత ఇంట్లో తాగే నీళ్ళు ఒక శుభ్రమైన సీసాలో పట్టి పరీక్షకు పంపండి.