మీ పేర ఎన్ని సిమ్ములున్నాయి?

చేవ్రాలు రానివాణ్ణి వ్రేలిముద్రగాడని నవ్విన రోజులుండేవి. ఇప్పుడు ఎమ్మే చదివిన నాబోటి తెలుగు పంతుళ్ళూ సిమ్ముల దుకాణంలో వ్రేలిముద్రే వేస్తున్నాం!

ఆ ముద్ర విలువ ఎంతో 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో బయటపడింది. సిమ్ములమ్మే ఒకడు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులోని దస్తావేజుల నుంచి వ్రేలిముద్రలు తీసి, రబ్బరు అచ్చులు పోసి, వాటితో వేల సిమ్ములు యాక్టివేట్ చేశాడు. ఆ ముద్రలవాళ్ళకు ఈ సంగతే తెలియదు! ఆధార్ కార్డు బీరువాలో భద్రంగా ఉంటే చాలదన్నమాట.

మరేం చేయాలి? జిరాక్సు ఇస్తే, ఎవరికి, ఎందుకు, ఏ తేదీన ఇచ్చారో దానిమీదే అడ్డంగా వ్రాయండి. ఒప్పుకున్నచోట చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. ఆధార్ యాప్‌లో వ్రేలిముద్రలకు తాళం వేసుకోవచ్చు, అవసరమైనప్పుడు తీసుకోవచ్చు. దుకాణంవాడు "ముద్ర పడలేదు, మళ్ళీ వేయండి" అంటే, ఎందుకని అడగండి. ఆ రెండో ముద్రతో రెండో సిమ్ము తీసేవాళ్ళున్నారు.

అన్నిటికంటె ముఖ్యం, కేంద్ర ప్రభుత్వంవారి సంచార్ సాథీ. అందులో మీ నంబరూ, దానికొచ్చే ఓటీపీ ఇస్తే మీ పేర ఉన్న కనెక్షన్లన్నీ కనిపిస్తాయి. మీది కానిదాన్ని నాది కాదని అక్కడే తెలపవచ్చు. మొన్న మా ఇంట్లో అందరివీ ఇలాగే చూశాను. అయిదు నిమిషాల పని. పెద్దవాళ్ళకు మీరే చూసిపెట్టండి. దొంగసిమ్ముతో ఎవడో మోసం చేస్తే, పోలీసులు ముందు తట్టేది ఆ సిమ్ము ఎవరి పేర ఉందో వాళ్ళ తలుపే గదా!