కంట్లోనే కళ్లద్దం!

నిద్రలేవగానే చెయ్యి దిండు పక్కన తడుముకుంటుంది. కళ్లజోడు దొరికితే గానీ గోడ గడియారంలో టైమెంతో తెలియదు. మైనస్‌ తొమ్మిదో, పదో పవరున్న వాళ్లందరికీ ఇంచుమించు ఇలాగే తెల్లారుతుంది. బళ్లో 'సోడాబుడ్డి' అన్న వెక్కిరింపులు, కాలేజీకొచ్చాక కాంటాక్టు లెన్సులు... పోనీ అక్కడితో కష్టాలు తీరతాయా అంటే అదీ లేదు!

కాంటాక్టు లెన్సులతో చూపు బాగుంటుంది. కానీ వాటికి రోజూ సేవ చేయాలి. చేతులు కడుక్కుని పెట్టుకోవాలి, రాత్రి మర్చిపోకుండా తీయాలి, ద్రావణంతో శుభ్రం చేయాలి. వాటితోనే నిద్రపోయినా, ఈతకొట్టినా నల్లగుడ్డుకు ఇన్‌ఫెక్షన్‌ ముప్పు పెరుగుతుంది. కంట్లో తడి తక్కువైతే సాయంత్రానికి మంటలే. మరి లేసిక్‌? అందులో నల్లగుడ్డును లేజర్‌తో చెక్కుతారు. పవరు పెరిగేకొద్దీ ఎక్కువ చెక్కాలి. ఆ పొర పల్చగా ఉంటే డాక్టర్లే వద్దంటారు.

అలాంటి వాళ్లకు మరో దారి... కంటి లోపల అమర్చే ఐసీఎల్‌.

ఎలా పెడతారు?

శుక్లాల ఆపరేషన్‌లో మసకబారిన సహజ కటకాన్ని తీసి కృత్రిమ లెన్సు పెట్టడం తెలిసిందే. 1949లో లండన్‌లో డాక్టర్‌ హెరాల్డ్‌ రిడ్లే దానికి నాంది పలికారు. ఐసీఎల్‌లో మాత్రం సహజ కటకం జోలికి పోరు. దానికి ముందు, రంగుపొర ఐరిస్‌కు వెనక, ఈ మెత్తటి లెన్సును అమరుస్తారు. మడతపెట్టి సుమారు 3 మిల్లీమీటర్ల గాటులోంచి పంపితే లోపల విచ్చుకుంటుంది. అమెరికా ఎఫ్‌డీఏ దీన్ని 2005 డిసెంబరులో అనుమతించింది. అప్పట్లో కంట్లోని ద్రవం సాఫీగా పారడానికి ముందే లేజర్‌తో ఐరిస్‌కు రంధ్రం చేయాల్సి వచ్చేది. లెన్సు మధ్యలోనే 0.36 మిల్లీమీటర్ల రంధ్రమున్న కొత్తరకానికి అక్కడ 2022లో అనుమతి లభించింది.

అందరికీ కాదు!

సాధారణంగా 21 నుంచి 45 ఏళ్లలోపు, కనీసం ఏడాదిగా పవరు మారని వాళ్లకే ఇది. నల్లగుడ్డుకూ కటకానికీ మధ్య తగినంత చోటుండాలి. నల్లగుడ్డు లోపలి కణాల సంఖ్య తగ్గకూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆగాలి. కొలతలకు ముందు డాక్టరు చెప్పినన్ని రోజులు కాంటాక్టు లెన్సులు మానేయాలి. కొలత తప్పితే కంట్లో ఒత్తిడి పెరగొచ్చు, శుక్లం రావచ్చు. కొందరికి రాత్రిళ్లు లైట్ల చుట్టూ వలయాలు కనిపిస్తాయి. అవసరమైతే లెన్సును తీసేయొచ్చు... కానీ అదీ ఆపరేషనే. కాంటాక్టు లెన్సులు బాగా సరిపడి, జాగ్రత్తగా వాడుకునే వాళ్లు తొందరపడాల్సిన పనేం లేదు.

ఇది మరవొద్దు

నలభై దాటాక చత్వారం ఎలాగూ వస్తుంది, చదవడానికి అద్దాలు తప్పవు. అసలు సంగతి మరొకటుంది. ఎక్కువ మైనస్‌ పవరున్న కన్ను పొడవుగా సాగి ఉంటుంది, లోపలి రెటీనా పల్చబడుతుంది. లెన్సు పెట్టినా ఆ సాగిన కన్ను మారదు. కళ్లముందు మెరుపులు, ఉన్నట్టుండి నల్లచుక్కలు, తెర పడ్డట్టు కనిపించడం... వీటిలో ఏదున్నా ఆరోజే డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. ఏ ఇబ్బందీ లేకున్నా ఏటా రెటీనా పరీక్ష చేయించుకోవాలి.

దిండు పక్కన తడుముకునే బాధ తప్పొచ్చు. ఏడాదికోసారి ఆసుపత్రి మెట్లెక్కడం మాత్రం తప్పదు!