తీగ దొరికితే డొంక కదులుతుంది

మరపునకు మందు ఇమ్మని నా వైద్యశాలకు వచ్చేవారిలో అరవై దాటినవారే హెచ్చు. నాకును అరవై ఆరేండ్లు నిండినవి కనుక వారి బాధ నాకు కొత్త కాదు. తెలిసిన పేరే నాలుక మీద ఆడుతుంటుంది, వెలికి రాదు. ఎదుటివారు మొదటి అక్షరం అందించగానే పేరంతా వచ్చేస్తుంది. అనగా పేరు ఎక్కడికీ పోలేదు. దాని వద్దకు పోయే దారి మాత్రమే మూసుకుపోయినది. ఈ భేదమును గమనింపక సారస్వతారిష్టం వ్రాసి పంపుట సులభం. నేనును చాలాకాలం అట్లే చేశాను.

ఐదు దశాబ్దాల కిందటి మాట. గోదావరి పాయ ఒడ్డున, మా గురువుగారి అరుగు మీద అష్టాంగహృదయం వల్లె వేసేవాళ్ళం. మధ్యలో ఎవరైనా తడబడితే గురువుగారు శ్లోకం చెప్పేవారు కారు. మొదటి పదం అందించి ఊరుకునేవారు. అప్పటికీ రాకపోతే, "ఒరే, ఆనాడు వాన జల్లు కొట్టి అరుగు తడిస్తే వంటింటి వసారాలో కూర్చున్నాం కదూ?" అనేవారు. ఆ తడి మట్టి వాసనా, పొయ్యి పొగా మనస్సులో మెదిలేవి, వాటి వెంటనే శ్లోకమూ వచ్చేది. అది గురువుగారి మహిమ అనుకొనేవాళ్ళం.

అందులోని కిటుకు చరకసంహిత శారీరస్థానం ప్రథమాధ్యాయం చదివిన తరువాత తెలిసినది. కనినది, వినినది, అనుభవించినది మరల తలపునకు వచ్చుటే స్మృతి అని చెప్పి, దానికి ఎనిమిది కారణములను చరకుడు లెక్కించాడు. వానిలో మనస్సు నిలుపుట, అభ్యాసము, తత్త్వజ్ఞానము అనే మూడు మన సాధనకు సంబంధించినవి. తక్కిన ఐదును బయటినుండి అందే ఆనవాళ్ళే. కారణమును చూడగా కార్యము తోచుట, రూపమును బట్టి తోచుట, పోలికను బట్టి తోచుట, దానికి విరుద్ధమైనదానిని చూడగా తోచుట, మరచినదానిలో కొంత మరల చెవిని పడగా తక్కినది తోచుట. మా గురువుగారు మొదటి పదం అందించుట ఈ చివరిదే. తీగ లాగితే డొంకంతా కదిలినదని మన పెద్దలన్నది వేరొక సందర్భంలోనైనా, స్మృతి విషయంలో అక్షరాలా నిజం.

పాశ్చాత్యులు దీనిని ప్రయోగాలతో నిరూపించారు. 1966లో టల్వింగ్, పెర్ల్‌స్టోన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు విద్యార్థులకు పండ్లు, జంతువులు వంటి వర్గాల కింద అనేక పదాలు వినిపించి, తరువాత చెప్పమన్నారు. వర్గం పేరు అందించినవారికి, అందించనివారి కంటె హెచ్చు పదాలు జ్ఞాపకం వచ్చినవి. 1975లో గాడెన్, బాడ్లీ ఈతగాళ్ళ చేత నీటి అడుగున పదాలు నేర్పించి, అవి గట్టు మీద కంటె నీటి అడుగుననే బాగుగా గుర్తుకు వస్తున్నాయని ప్రకటించారు. 2021లో మరల చేసి చూడగా ఆ ఫలితం రాలేదన్నది కూడా పాఠకులకు చెప్పవలెను. స్థలం ఒక్కటే చాలదేమో. మా వసారాలో స్థలంతో పాటు వాసన ఉన్నది, వాన ఉన్నది, గురువుగారి కంఠం ఉన్నది.

మన అవధానులు ధారణ వేళ పద్యాలన్నిటినీ వరుసగా ఒప్పగించుట చూచినవారికి ఈ సంగతి కొత్తగా ఉండదు. యతి ప్రాసలు చెవికి ఇంపు కొరకే కావు. రెండవ అక్షరం ఇదేనని తెలిసిన పాదము ఊరికే జారిపోదు.

ఇక నా పొరపాటు. మా ఊరిలో పదవీ విరమణ చేసిన ఒక మాస్టారు ఉన్నారు. మధుమేహానికి అల్లోపతి మాత్ర వాడుతూ, దానిని మరచిపోతున్నారని ఆయన భార్య నా వద్దకు తీసుకువచ్చినది. "ఆచార్యులు గారూ, నేను వంటింట్లో ఉంటే ఈయన మాత్ర సంగతి ఎవరు చెబుతారండీ?" అన్నది. మాత్ర మాననవసరం లేదని చెప్పి, సరస్వతి ఆకు రసం వ్రాసి, ఒక ఉపాయం చెప్పాను. మాత్రల డబ్బా కాఫీ గ్లాసు పక్కనే పెట్టమన్నాను. గ్లాసు కనబడగానే మాత్ర తోస్తుంది. చరకుడు చెప్పినదే కదా అని నా ధీమా.

రెండు నెలలు దివ్యంగా జరిగినది. ఒక ఉదయం వారింటికి చుట్టాలు వచ్చారు. మాస్టారు వారితో పాటు రెండవసారి కాఫీ తాగారు. గ్లాసు వచ్చినది, పక్కన డబ్బా ఉన్నది, మాత్ర మరల వేసుకున్నారు. మాటలలో పడి ఫలహారం ఆలస్యమైనది. పదకొండు గంటలకు చెమటలు పట్టి, మాట తడబడి, కుర్చీలో ఒరిగిపోయారు. చుట్టాలలో ఒక అమ్మాయి నర్సు కావడం అదృష్టం. స్పృహ ఉన్నంతలోనే మూడు నాలుగు చెంచాల పంచదార నీటిలో కలిపి తాగించి, ఆసుపత్రికి చేర్చినది. స్పృహ లేనివారి నోట ఏమియు పోయరాదు, వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గ్లాసు తన పని తాను చక్కగా చేసినది. "వేసుకో" అని గుర్తు చేసినది. "వేసుకున్నావు" అని చెప్పే శక్తి దానికి లేదు. నిత్యం చేసే పనిలో నిన్నటి జ్ఞాపకం, నేటి జ్ఞాపకం ఒక్క తీరుగా ఉండి కలిసిపోతాయి. అందుచేత చేయవలసిన పనికి ఒక ఆనవాలు, చేసిన పనికి మరొక ఆనవాలు కావలెను. కొంగుకు ముడి వేసుకొనే మా అమ్మమ్మ పని కాగానే ముడి విప్పేది. సగం ఉపాయం ముడిలో, సగం విప్పుటలో ఉన్నదని నాకు ఇంత వయస్సు వచ్చిన తరువాత తెలిసినది.

ఇప్పుడు మందుల దుకాణాలలో ఏడు అరల డబ్బాలు దొరుకుతున్నవి. ఆదివారం నాడు ఏడు అరలూ నింపి పెట్టవలెను. అర నిండి ఉంటే వేసుకోలేదు, ఖాళీగా ఉంటే వేసుకున్నట్లే. అనుమానం వచ్చి తేలకపోతే మరియొక మాత్ర వేసుకోక, వైద్యుని అడగవలెను. డబ్బాను నెలల తరబడి ఒక్కచోటనే ఉంచితే కంటికి అలవాటై కనబడకుండా పోతుంది. అప్పుడప్పుడు దాని కింది గుడ్డ రంగైనా మార్చండి.

మేధ్య రసాయనములుగా మండూకపర్ణి, అతిమధురం, తిప్పతీగ, శంఖపుష్పి చరకుడు చెప్పినవే. వానిపై నాకు గౌరవం తగ్గలేదు. అయితే అతిమధురం అధికంగా వాడితే రక్తపు పోటు పెరుగుతుంది. మధుమేహపు మాత్రలతో తిప్పతీగ వాడేవారు చక్కెర తగ్గవచ్చునని తెలిసి, వైద్యునికి చెప్పి వాడవలెను.

నేడు మరపు అని ఎవరు వచ్చినా ముందు మూడు వస్తువుల పేర్లు చెప్పి, వేరే మాటలలో పెట్టి, కొంతసేపటికి అడుగుతాను. రాకపోతే "ఒకటి పండు కదూ?" అని అందిస్తాను. అందించగానే వచ్చేవారికి సాధారణంగా ధైర్యం చెబుతాను. అందించినా రానివారిని, తెలిసిన వీధిలో దారి తప్పేవారిని, అడిగినదే పదేపదే అడిగేవారిని ఆలస్యం చేయక నరాల వైద్యుని వద్దకు పంపుతాను. ఇది రోగనిర్ణయం కాదు, పంపవలసినవారిని గుర్తించుటకు ఒక తోవ. థైరాయిడ్ లోపం, బి12 లోపం వంటివి రక్తపరీక్షలోనే తేలుతాయి. అవి చికిత్సకు లొంగేవి. అరిష్టాలతో నెలలు గడపడం వలన రోగికే నష్టం.

మాస్టారు కులాసాగా ఉన్నారు. మొన్న వచ్చినప్పుడు ఉదయం మాత్ర వేసుకున్నారా అని అడిగాను. ఆయన ఆలోచించనైనా లేదు. సంచిలోనుండి డబ్బా తీసి, ఖాళీగా ఉన్న గురువారపు అర నాకు చూపించారు.