కొబ్బరినూనె పేరుకుంటే కార్తీకం వచ్చినట్టే

మా ఇంట్లో థర్మామీటరు లేదు. ఆ పని బాత్రూం గూట్లో ఉండే కొబ్బరినూనె సీసా చేస్తుంది. కొబ్బరినూనె దాదాపు 24 డిగ్రీల దగ్గర పేరుకోవడం మొదలెడుతుంది. దీపావళి వెళ్ళాక ఒక పొద్దున సీసా తలకిందులు చేసినా చుక్క రాలదు, పుల్ల పెట్టి గీరుకోవాల్సిందే. నాలుగు రోజులు పోయాక అదే సీసాలో నూనె మళ్ళీ గలగలమంటుంది. "చలి పోయిందర్రా!" అంటుంది అమ్మ. ఎక్కడికీ పోలేదు. బంగాళాఖాతంలో ఏదో కదిలింది, అంతే.

*

నైరుతి రుతుపవనాలు అక్టోబరు నడుమకల్లా తెలుగు నేలను దాటి వెనక్కి మళ్ళుతాయి. ఆ తర్వాత ఉత్తరం నుంచీ ఈశాన్యం నుంచీ పొడిగాలి దిగుతుంది. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి, పగలంతా కాగిన నేల ఆ వేడిని అడ్డూ ఆపూ లేకుండా పైకి వదిలేస్తుంది. తెల్లారేసరికి వణుకు. సముద్రంలో అల్పపీడనం పుట్టిందా, తూర్పుగాలి తేమను మోసుకొస్తుంది, మబ్బు పడుతుంది. మబ్బంటే నేలకు కప్పిన రగ్గు. రాత్రి ఉష్ణోగ్రత పెరుగుతుంది, ఎండ లేక పగటిది తగ్గుతుంది. ముసురు రోజుల్లో పగలు స్వెట్టరు వేసుకుని, రాత్రి ఫ్యాను పెట్టుకునే వింత అందుకే.

*

బాగా చలేసేది అర్ధరాత్రి కాదు. పొద్దు పొడిచిన కాసేపటి వరకూ నేల చల్లబడుతూనే ఉంటుంది. తొలి కిరణాలు తెచ్చే వేడి కన్నా నేల వదిలే వేడే అప్పటికింకా ఎక్కువ. ఎండ వచ్చింది కదా అని శాలువా తీసేసి వాకింగుకు బయల్దేరే పెద్దవాళ్ళు ఇంకో అరగంట ఆగితే మంచిది.

*

పేపర్లో వేసే కనిష్ఠ ఉష్ణోగ్రతను వాతావరణ కేంద్రంలో ఉదయం 8.30కి నమోదు చేస్తారు. థర్మామీటరును నేల మీద పెట్టరు. నాలుగడుగుల ఎత్తున, గాలి ఆడే పలకలున్న తెల్లటి చెక్కపెట్టెలో ఉంచుతారు. దాన్ని స్టీవెన్సన్ స్క్రీన్ అంటారు. తయారు చేసింది థామస్ స్టీవెన్సన్, లైట్‌హౌసులు కట్టిన ఇంజినీరు. 'ట్రెజర్ ఐలాండ్' రాసిన రాబర్ట్ లూయీ స్టీవెన్సన్‌కు కన్నతండ్రి. గాలి లేని నిర్మలమైన రాత్రి ఆ పెట్టెలో కన్నా కింద గడ్డి మీద చలి ఎక్కువ. పెట్టెలో రెండు మూడు డిగ్రీలున్నా గడ్డి మీద నీటిబొట్టు గడ్డకట్టవచ్చు.

*

లంబసింగి కథ అదే. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో, సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. పాతపేరు కొర్రబయలు. రాత్రి బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతాడని ఆ పేరొచ్చిందట. "లంబసింగిలో మంచు కురిసింది" అని ఏటా టీవీలు ఊదరగొడతాయి గానీ, అది కాశ్మీరులోలా ఆకాశం నుంచి రాలే మంచు కాదు. గడ్డి పరకల మీద, బండి సీట్ల మీద పేరుకునే తెల్లటి పొర.

చల్లగాలి బరువు. నీళ్ళలాగే పల్లానికి జారుతుంది. రాత్రంతా కొండల మీంచి దిగి లోయలో నిండుతుంది, అందులోని తేమ పొగమంచవుతుంది. పాడేరు దగ్గర వంజంగి కొండను చీకటితోనే ఎక్కేవాళ్ళకు కాళ్ళకింద కనబడే మేఘాల సముద్రం ఇలా తయారైనదే. కార్తీకంలో పల్లెల్లో సాయంత్రం పొయ్యిల పొగ పైకి పోకుండా ఇళ్ళ కప్పులకు కాస్త ఎగువన చాపలా పరుచుకుంటుంది చూశారా? కింద చల్లగాలి, పైన వెచ్చగాలి. ఆ మూత దాటి పొగ పోలేదు.

*

"చలిగాలులు" అనే మాటకు వాతావరణ శాఖ దగ్గర లెక్కుంది. మైదానంలో కనిష్ఠం 10 డిగ్రీలకో అంతకన్నా కిందికో దిగాలి, సాధారణం కన్నా కనీసం 4.5 డిగ్రీలు తగ్గాలి. తీరంలో అంత పట్టింపు లేదు, ఆ తగ్గుదల ఉంటే 15 డిగ్రీలు చాలు. బందరువాళ్ళ వణుకును చూసి ఆదిలాబాదు వాళ్ళు నవ్వకూడదన్నమాట. హైదరాబాదులో నమోదైన అతి తక్కువ 6.1 డిగ్రీలు, 1946 జనవరిలో.

*

యాసంగి వరి నారుకు చలి గిట్టదు, పసుపెక్కి ఎదగకుండా నిలబడిపోతుంది. తెలిసిన రైతు పొద్దున్నే మడిలోని చల్లనీళ్ళు తీసేసి బోరునీళ్ళు పెడతాడు. భూమి లోపల చలికాలం ఉండదు. తెల్లవారుజామున బోరు గొట్టం దగ్గర ఆవిరి లేవడం చూసినవాళ్ళకు వేరే రుజువు అక్కర్లేదు.

వంటింట్లో ఇడ్లీపిండి పొంగకపోయినా, పాలు తోడుకోకపోయినా అదే చలి. కోడలి తప్పు కాదు.

*

శరత్తులో చలి పడ్డాక మళ్ళీ వచ్చే వెచ్చదనాన్ని అమెరికాలో 'ఇండియన్ సమ్మర్' అంటారు. మనకు సంబంధం లేదు, ఆ ఇండియన్లు అక్కడి ఆదివాసులు. జర్మనీలో దానిపేరు 'ముసలమ్మల వేసవి'. ఆ మాట తన గౌరవానికి భంగమని ఒకావిడ కోర్టుకెక్కితే, 1989లో డార్మ్‌స్టాట్ కోర్టు అందులో తప్పేమీ లేదని తేల్చింది. ఆవిడ పక్షాన నేనుంటాను.

చలి దూకుడు చూడాలంటే మాత్రం అమెరికా మైదానాలే. 1911 నవంబరు 11న ఓక్లహామా సిటీలో పగలు 28 డిగ్రీలు, అర్ధరాత్రికి మైనస్ 8. ఆ తేదీకి అత్యధికం, అత్యల్పం రెండు రికార్డులూ ఒకేరోజు పడ్డాయి. పక్కనే డాలస్‌లో ఉన్న మనవాళ్ళు నవంబరులో కారులో స్వెట్టరు పడేసుకుని తిరగడం ఊరికే కాదు.

*

మళ్ళీ మన సీసా దగ్గరికి. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది, హుద్‌హుద్ విశాఖను 2014 అక్టోబరు 12న కొట్టింది. మన తీరానికి ఇది తుపాన్ల కాలం, పైగా వరి కోతల కాలం. నాలుగు రోజులు వణికించిన చలి ఉన్నట్టుండి ఒకరాత్రి సడలి, గాలి తూర్పుకు తిరిగి, కొబ్బరినూనె కరిగిందంటే హాయిగా ఉందని ముసుగు తన్నకండి. వాతావరణ కేంద్రం ఏమంటోందో చూసి, కళ్ళంలో ధాన్యం ఆరబోసి ఉంటే పట్టా కప్పి పడుకోండి.