ఏటీవీ విహార స్థలాలు (అమెరికా సంయుక్త రాష్ట్రాలు)

ఏటీవీ (ఆల్ టెర్రెయిన్ వెహికల్) అనగా ఇసుక, బురద, రాళ్ళు, కొండదారులు మొదలైన అన్ని రకాల నేలల మీద నడిచేందుకు తయారు చేసిన చిన్న మోటారు వాహనం. దీనికి సాధారణంగా నాలుగు చక్రాలు, తక్కువ గాలి ఒత్తిడి గల వెడల్పాటి టైర్లు, గుర్రం మీద వలె చెరోవైపు కాలు వేసి కూర్చునే సీటు, మోటారు సైకిలుకు ఉన్నట్లు హ్యాండిల్‌బారు ఉంటాయి. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో వ్యవసాయపు పనులకు, వేటకు, వినోదానికి దీనిని విస్తారంగా వాడుతారు. పేరును బట్టి ఎక్కడికైనా పోగలదని తోచినా, చట్టప్రకారం దీనిని నడపదగిన చోట్లు పరిమితమైనవి. అధిక భాగం రాష్ట్రాలలో దీనిని సాధారణ రహదారుల మీద నడపడానికి అనుమతి లేదు, లేదా కొన్ని షరతులకు లోబడి మాత్రమే ఉన్నది. కనుక వాహనం కొన్నవారు ఇంటికి దగ్గరలో అనుమతి ఉన్న నేలను వెతుక్కోవాలి; అది లేనప్పుడు వాహనాన్ని ట్రైలరు మీద ఎక్కించి అనుమతి ఉన్న చోటికి తీసుకుపోవాలి. రెండు సందర్భాలలోనూ మొదట తేల్చుకోవలసిన విషయం ఒక్కటే: ఆ భూమి ఎవరిది, దానిని వాహనాలకు తెరిచి ఉంచారా లేదా అన్నది.

చరిత్ర

హోండా సంస్థ 1970లో మూడు చక్రాల వాహనాన్ని అమెరికా విపణిలో ప్రవేశపెట్టింది. మొదట యూఎస్90 అనే పేరుతో వచ్చిన ఈ వాహనం తరువాత ఏటీసీ90గా ప్రసిద్ధి చెందింది. నాలుగు చక్రాల ఏటీవీని 1980ల తొలినాళ్ళలో సుజుకి సంస్థ తెచ్చింది. మూడు చక్రాల వాహనాలు మలుపులలో సులభంగా బోల్తా పడుతుండడంతో ప్రమాదాలు పెరిగాయి. ప్రభుత్వానికి, తయారీదారులకు మధ్య 1988లో కుదిరిన ఒప్పందంతో వాటి అమ్మకాలు నిలిచిపోయాయి.

ఇదే కాలంలో మోటారు సైకిళ్ళు, జీపులు, ఏటీవీలు ఎడారులలోను, అడవులలోను ఇష్టం వచ్చినట్లు తిరగడం వలన నేల కోతకు గురికావడం, మొక్కలు నశించడం ప్రభుత్వ దృష్టికి వచ్చింది. 1972లో అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ 11644వ కార్యనిర్వాహక ఉత్తర్వును జారీ చేశాడు. వాహనాలు తిరగదగిన ప్రాంతాలను, బాటలను గుర్తించవలసిందిగా ఈ ఉత్తర్వు ఫెడరల్ సంస్థలను ఆదేశించింది. 1977లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ జారీ చేసిన 11989వ ఉత్తర్వు, వాహనాల వలన గణనీయమైన నష్టం జరుగుతున్న చోట్లను వెంటనే మూసివేసే అధికారాన్ని ఆ సంస్థలకు ఇచ్చింది.

అయినను అనేక జాతీయ అడవులలో "మూసివేసినట్లు బోర్డు లేకపోతే పోవచ్చును" అన్న పద్ధతే చాలాకాలం కొనసాగింది. 2005 నవంబరులో అటవీ సేవాసంస్థ (ఫారెస్ట్ సర్వీస్) తెచ్చిన ప్రయాణ నిర్వహణ నియమం దీనిని తలకిందులు చేసింది. దీని ప్రకారం పటంలో తెరిచినట్లు చూపిన దారులలో మాత్రమే పోవాలి; చూపనిదంతా మూసివేసినట్లే.

భూముల రకాలు

జాతీయ అడవులు: అమెరికాలో 154 జాతీయ అడవులు ఉన్నాయి. పచ్చిక భూములతో కలిపి ఈ వ్యవస్థ విస్తీర్ణం సుమారు 19.3 కోట్ల ఎకరాలు. ప్రతి అడవికి "మోటార్ వెహికల్ యూజ్ మ్యాప్" అనే పటాన్ని ఉచితంగా ఇస్తారు. ఏ దారిలో ఏ వాహనం, సంవత్సరంలో ఏ తేదీల మధ్య పోవచ్చునో ఇందులో గుర్తులతో చూపుతారు. నలుపు తెలుపులలో ఉండే ఈ పటంలో కొండలు, లోయలు స్పష్టంగా కనిపించవు గనుక దారి తెలుసుకోవడానికి మరొక పటం కూడా అవసరమవుతుంది. కాని చట్టం దృష్టిలో ప్రమాణం ఇదే. దారి పక్కన బోర్డు లేకపోయినా, ఎవరో పీకివేసినా, పటాన్ని అనుసరించవలసిన బాధ్యత నడిపేవారిదే. కొన్ని బాటలు 50 అంగుళాలు (సుమారు 127 సెం.మీ.), అంతకు తక్కువ వెడల్పు గల వాహనాలకు మాత్రమే ప్రత్యేకించబడినవి. ఇద్దరు పక్కపక్కన కూర్చునే "సైడ్ బై సైడ్" వాహనాలలో చాలావాటి వెడల్పు ఇంతకంటె ఎక్కువ కాబట్టి అవి ఈ బాటలలో పోరాదు.

భూ నిర్వహణ సంస్థ భూములు: బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ అనే ఈ సంస్థ అధీనంలో సుమారు 24.5 కోట్ల ఎకరాలు ఉన్నాయి. ఇవి ఎక్కువగా పశ్చిమ రాష్ట్రాలలోను, అలాస్కాలోను ఉన్నాయి. వీటిని మూడు తరగతులుగా విభజిస్తారు. "తెరిచినవి" అన్న తరగతిలో బాట విడిచి కూడా తిరగవచ్చును. "పరిమితమైనవి" అన్నచోట నిర్ణీత బాటలలోనే, నిర్ణీత కాలాలలోనే పోవాలి. "మూసినవి" అన్నచోట మోటారు వాహనాలకు ప్రవేశం లేదు.

రక్షిత ప్రాంతాలు: 1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం కింద ప్రకటించిన నిర్జన ప్రాంతాలలో వినోదం కోసం మోటారు వాహనాలు నడపడం నిషిద్ధం. జాతీయ ఉద్యానవనాలలో కూడా బాటలు విడిచి వాహనాలు నడపడం సాధారణంగా నిషిద్ధమే.

రాష్ట్ర భూములు: కాలిఫోర్నియా 1971లో ప్రత్యేక చట్టం చేసి, వాహన విహారం కోసమే కొన్ని ఉద్యానవనాలను ఏర్పరచింది. హోలిస్టర్ హిల్స్ వీటిలో ఒకటి. అనేక రాష్ట్రాలు ఏటీవీల నమోదు రుసుములో కొంత భాగాన్ని బాటల నిర్వహణకు వినియోగిస్తాయి.

ప్రాంతాల మధ్య వ్యత్యాసం

నెవాడా రాష్ట్రంలో సుమారు 80 శాతం భూమి ఫెడరల్ ప్రభుత్వానిది. అయోవా, కనెక్టికట్ రాష్ట్రాలలో ఇది ఒక శాతం కూడా లేదు. అందువలన పశ్చిమాన చిన్న పట్టణంలో నివసించేవారికి ఊరి పొలిమేరలోనే దారులు దొరకవచ్చును. తూర్పున, మధ్య పశ్చిమాన ఉన్నవారికి మాత్రం సొంత పొలమో, తెలిసినవారి భూమియో లేకపోతే ట్రైలరు తప్పనిసరి అవుతుంది.

ఇంటికి దగ్గరలో

సొంత భూమి లేనివారు పొరుగు రైతు అనుమతి తీసుకుంటారు. తన భూమిలో ఎవరైనా గాయపడితే తాను నష్టపరిహారం చెల్లించవలసి వస్తుందేమోనని భూయజమానులు వెనుకాడడం సహజం. ఈ భయాన్ని తగ్గించేందుకు రాష్ట్రాలు "వినోద వినియోగ చట్టాలు" చేశాయి. 1965లో ఇందుకు ఒక నమూనా చట్టం రూపొందించబడింది. రుసుము తీసుకోకుండా వినోదం కోసం భూమిలోకి రానిచ్చిన యజమానికి ఈ చట్టాలు చాలావరకు రక్షణ కల్పిస్తాయి. అయితే రక్షణ పరిధి రాష్ట్రానికొక విధంగా ఉంటుంది. అనుమతిని కాగితం మీద వ్రాయించుకోవడం, గేట్లను ఉన్నవి ఉన్నట్లే వదలడం, తడి నేల మీద నడపకపోవడం మంచి పద్ధతులు.

విద్యుత్తు తీగల కింది ఖాళీ స్థలాలు, రైలు కట్టల పక్క నేల ఎవరివీ కానట్లు కనిపిస్తాయి. నిజానికి అవి సంస్థలవో, ప్రైవేటు యజమానులవో అయి ఉంటాయి. అనుమతి లేకుండా వెళ్ళడం అక్రమ ప్రవేశం కిందికి వస్తుంది. రోడ్డు పక్క పల్లపు నేల విషయంలో రాష్ట్రాల నియమాలు వేరువేరుగా ఉన్నాయి. మిన్నెసోటాలో దానిలో నడపడానికి షరతులతో అనుమతి ఉన్నది. వ్యవసాయ మండలంలో ఏప్రిల్ 1 నుండి ఆగస్టు 1 వరకు నిషేధం ఉన్నది.

చట్టం అనుమతించిన చోట కూడా చదునైన తారు రోడ్డు ఏటీవీకి తగినది కాదు. మెత్తని టైర్లు తారును గట్టిగా పట్టుకుంటాయి. అనేక నమూనాలలో వెనుక చక్రాలు రెండూ ఒకే ఇరుసుతో ఒకే వేగంతో తిరుగుతాయి. దీనివలన మలుపులో వాహనం నడిపేవాని అదుపు తప్పవచ్చును, ఎత్తుగా ఉండడం వలన బోల్తా పడవచ్చును.

ట్రైలరు మీద తరలింపు

ఒక పెద్ద ఏటీవీ బరువు సుమారు 300 కిలోలు ఉంటుంది. ట్రైలరు మోయగల బరువు, లాగే కారు లాగగల బరువు రెండూ ముందుగా చూసుకోవాలి. మొత్తం బరువులో 10 నుండి 15 శాతం వరకు కారుకు తగిలించే కొక్కెం మీద పడేటట్లు వాహనాన్ని నిలపాలి. బరువు వెనుకకు జరిగితే వేగం పెరిగినప్పుడు ట్రైలరు అటూ ఇటూ ఊగిపోతుంది. ర్యాంపు మీద ఎక్కించేటప్పుడు సమతలమైన నేలను ఎంచుకోవాలి. ర్యాంపు జారిపోకుండా ట్రైలరుకు గొలుసుతో కట్టాలి. వాహనాన్ని నాలుగు మూలల నుండి పట్టీలతో బిగించి, పార్కింగ్ బ్రేకు వేయాలి. కొక్కెం కింద భద్రతా గొలుసులను ఒకదానిమీదొకటి అడ్డంగా వేస్తారు; కొక్కెం ఊడినా ట్రైలరు ముందుభాగం నేలను తాకకుండా ఇవి ఆపుతాయి. కొద్ది మైళ్ళు పోయాక ఒకసారి ఆగి పట్టీలను మళ్ళీ బిగించడం అవసరం.

తిరిగి వచ్చే ముందు చక్రాలకు అంటిన మట్టిని కడగాలని అధికారులు కోరుతారు. ఒక ప్రాంతపు కలుపు విత్తనాలు మరొక ప్రాంతానికి ట్రైలరు ద్వారా కూడా చేరవచ్చును.

ప్రసిద్ధ స్థలాలు

* ఇంపీరియల్ ఇసుక దిబ్బలు (కాలిఫోర్నియా): మెక్సికో సరిహద్దుకు దగ్గరలో 40 మైళ్ళకు పైగా వ్యాపించినవి. దిబ్బ అవతలి నుండి వచ్చేవారికి కనిపించేందుకు ప్రతి వాహనానికి ఎత్తైన కర్రకు జెండా కట్టడం తప్పనిసరి. 78వ నంబరు రహదారికి ఉత్తరాన ఉన్న దిబ్బలలో చాలా భాగాన్ని 1994లో వైల్డర్‌నెస్‌గా ప్రకటించారు. అక్కడ వాహనాలకు ప్రవేశం లేదు.
* ఆరెగాన్ దిబ్బల జాతీయ వినోద ప్రాంతం: 1972లో ఏర్పడింది. పసిఫిక్ తీరం వెంట సుమారు 40 మైళ్ళు ఉన్నది. ఇందులో కొంత భాగమే వాహనాలకు తెరిచి ఉంచబడినది. స్నోయీ ప్లోవర్ అనే చిన్న పక్షి మార్చి 15 నుండి సెప్టెంబరు 15 వరకు ఇసుకలో గుడ్లు పెడుతుంది గనుక ఆ కాలంలో దాని గూళ్ళ ప్రాంతాలలో ఆంక్షలు ఉంటాయి.
* పైయూట్ ఏటీవీ బాట (యూటా): ఫిష్‌లేక్ జాతీయ అడవి గుండా రెండువందల మైళ్ళకు పైగా వలయాకారంలో సాగుతుంది. దారిలోని చిన్న పట్టణాలలో పెట్రోలు, భోజనం, బస దొరుకుతాయి.
* హాట్‌ఫీల్డ్-మెకాయ్ బాటలు (పశ్చిమ వర్జీనియా): 2000లో ప్రారంభమైనవి. ఇవి ఎక్కువగా బొగ్గు, కలప సంస్థల ప్రైవేటు భూముల మీదుగా పోతాయి. రాష్ట్ర శాసనసభ ఏర్పరచిన సంస్థ వీటిని నిర్వహిస్తుంది. అనుమతి పత్రం కొనుక్కోవాలి. గనుల పనులు తగ్గిపోయిన పట్టణాలకు ఈ బాటల యాత్రికులు కొత్త జీవనాధారమయ్యారు.

భద్రత

అమెరికాలో ఏటీవీల వంటి వాహనాల ప్రమాదాలలో ఏటా వందల మంది మరణిస్తున్నారు. వారిలో పిల్లలు కూడా ఉన్నారు. 16 సంవత్సరాల లోపు పిల్లలు పెద్దల వాహనాన్ని నడపరాదని వినియోగ వస్తువుల భద్రతా సంఘం హెచ్చరిస్తుంది. పిల్లల వయసునుబట్టి తయారు చేసిన చిన్న వాహనాలు వేరే ఉన్నాయి. ఏటీవీని నడిపేవారు బరువును అటూ ఇటూ మార్చుతూ తూకం నిలుపుకోవాలి. ఒకరికి ఉద్దేశించిన సీటు మీద మరొకరిని ఎక్కించుకుంటే ఇది సాధ్యపడదు. హెల్మెట్, కళ్ళద్దాలు, చీలమండను కప్పే బూట్లు కనీస అవసరాలు. సెల్‌ఫోను సంకేతాలు అందని ప్రదేశాలు చాలా ఉన్నందున, ఏ దారిలో పోయి ఎప్పుడు తిరిగి వస్తారో ఇంటి దగ్గర చెప్పి వెళ్ళాలి.

వివాదాలు

ఎండుగడ్డి నిండిన అడవిలో సైలెన్సరు నుండి ఎగిరే నిప్పురవ్వ చాలు కార్చిచ్చుకు. అందుచేత జాతీయ అడవులలో నిప్పురవ్వలను ఆపే అమరిక ఉండాలి. శబ్దం మీద కూడా పరిమితులు ఉన్నాయి. ఎడారి నేల పైపొర ఒకసారి చిట్లితే తిరిగి కట్టుకోవడానికి దశాబ్దాలు పట్టవచ్చును. ఇంపీరియల్ దిబ్బలలో పెరిగే పియర్సన్స్ మిల్క్‌వెచ్ అనే అరుదైన మొక్కను 1998లో ముప్పులో ఉన్న జాతుల జాబితాలో చేర్చారు. దాని రక్షణ కోసం దిబ్బలలో ఎంత భాగం మూసివేయాలన్నది ఏళ్ళ తరబడి న్యాయస్థానాలలో నలిగింది.

మూసివేతలు తమ హక్కును హరిస్తున్నాయని వాహనదారుల సంఘాలు, తెరిచి ఉంచడం వలన నేల పాడవుతున్నదని పర్యావరణ సంఘాలు వాదిస్తాయి. అయితే బాట విడిచి పచ్చిక మీదికి పోయిన ఒక్క వాహనపు చక్రాల జాడ తరువాత వచ్చేవారికి దారిగా కనిపిస్తుంది. అటువంటి జాడలు పెరిగినచోట మొత్తం బాట మూతపడవచ్చును. ప్రైవేటు భూమిలో ఈ ఫలితం ఇంకా త్వరగా వస్తుంది. యజమాని గేటుకు తాళం వేస్తే విచారణ గాని, అప్పీలు గాని ఉండవు. ఈ కారణం చేతనే అనేక స్థానిక సంఘాలు సభ్యుల చేత బాటల మరమ్మతు, చెత్త ఏరివేత, బోర్డులు నిలబెట్టడం వంటి పనులు చేయిస్తాయి.

ఇవి కూడా చూడండి

* అమెరికా జాతీయ అడవులు
* వైల్డర్‌నెస్ చట్టం
* ఇసుక దిబ్బ